తెల్ల ఆకులు, నల్ల మూల

పరారుణ కిరణాలతో, అదే ఇన్‌ఫ్రారెడ్‌తో, ఫోటోలు తీయడానికి ఏ కెమెరా మంచిదని తెనాలిలో ఒక షాపులో అడిగితే, సేల్స్‌మన్ పెళ్ళిళ్ళకు వాడే పెద్ద కెమెరా తీసి నా ముందు పెట్టాడు. "మెగాపిక్సెల్స్ ఎక్కువండి మేడమ్, ఏ కిరణాలైనా వచ్చేస్తాయి" అన్నాడు. తెలియదని చెప్పడం మన షాపుల్లో నామోషీ కదా! నాకు కావలసింది ఎవరూ కొనని పాత డబ్బా కెమెరా. అది రేపల్లెలో మూసేస్తున్న ఒక స్టూడియోలో దొరికింది. ఎంచుకోవడానికి పెద్ద చదువేం అక్కర్లేదు. టీవీ రిమోట్‌ను కెమెరాకు ఎదురుగా పెట్టి మీట నొక్కాలి. రిమోట్ నుంచి వచ్చేది పరారుణమే, మన కంటికి కనపడని ఆ వెలుగు కెమెరా తెర మీద ఎంత బాగా మెరిస్తే అది అంత పనికొస్తుంది. అక్కడున్న ఖరీదైన కెమెరాల్లో అది మెరవనే లేదు.

బాపట్లలో మా భోజనాల బల్ల మీద దాన్ని విప్పాను. ఫ్లాష్ దగ్గర వేలు తగిలి షాక్ కొట్టింది. లోపల సెన్సర్ ముందు లేతనీలం గాజు బిళ్ళ ఉంటుంది, పరారుణాన్ని అడ్డుకునేది అదే. దాన్ని తీసేసి, ఫోకస్ తప్పకుండా అంతే మందం ఉన్న మామూలు గాజు పెట్టాను. మామూలు వెలుగును ఆపి పరారుణాన్ని మాత్రం రానిచ్చేలా లెన్సు మీద పాత నెగెటివ్ రీలు చివరి నల్లముక్క అతికించాను.

ఈ తంటాలన్నీ మా బాబాయి కోసం. దుగ్గిరాల దగ్గర ఆయన పసుపు చేలో ఒక మూల నీళ్ళు నిలుస్తున్నాయి. దుంప కుళ్ళుతుంది, నీళ్ళు పోయేలా కాలువ తీయించమంటే, "మొక్క పచ్చగా ఉంటే నీకేంటమ్మా భయం? పసుపు నాకు నేర్పుతావా?" అన్నాడు. పరారుణంలో ఆరోగ్యంగా ఉన్న ఆకు తెల్లగా వెలుగుతుంది, నలతగా ఉన్నది మసకబారుతుంది. మోటారు గది పైకెక్కి తీసిన ఫోటోలో చేనంతా తెల్లగా ఉంది, ఆ మూల మాత్రం బొగ్గులా ఉంది.

ఫోన్లో చూపిస్తే బాబాయి నమ్మడు. ఫోన్లోవన్నీ మాయలట, పటం కట్టిందే నిజమట. సరేనని ఆ ఫోటోను తెనాలిలో ఆయనకు తెలిసిన స్టూడియోకి పంపి, పెద్దది వేసి ఆయనకే ఇమ్మన్నాను.

ఆదివారం వెళ్ళేసరికి పటం హాల్లో వేలాడుతోంది. చేను ఈ చివర నుంచి ఆ చివరకు పచ్చపచ్చగా ఉంది. ఆ మూల కూడా! ఊళ్ళో పెళ్ళికూతుళ్ళందరికీ ఒకే తెలుపు పూసే చెయ్యి ఊరుకుంటుందా? స్టూడియో అబ్బాయికి ఫోన్ చేశాను. "రంగులన్నీ పోయాయి అక్కా, నల్ల మచ్చ కూడా పడిందండి. అన్నీ నీట్‌గా సరిచేసేశాను" అన్నాడు, నేను మెచ్చుకుంటానని ఎదురుచూస్తూ. నాకు ఒళ్ళు మండిపోయింది. కెమెరాలోని అసలు ఫోటో చూపించి బాబాయిని బతిమాలాను. "చెడిపోయిన ఫోటో పట్టుకొచ్చి చేను చెడిపోయిందంటావేంటి?" అని నవ్వాడు. కాలువ తీయించలేదు.

పసుపు తవ్వినప్పుడు ఆ మూల దుంపలు చేతిలోనే నలిగి నీరుకారాయి. కుళ్ళు అక్కడితో ఆగలేదు, సగం చేను మింగేసింది. వాసనకు కూలీలు ముక్కులకు గుడ్డలు కట్టుకున్నారు. ఆయన్ని దులిపేద్దామని ఎన్నో మాటలు కూర్చుకుని వెళ్ళాను. గట్టు మీద కూలబడ్డ మనిషిని చూశాక వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాను.

ఆయనే తలెత్తి అన్నాడు: "నువ్వు తీసిన ఫోటోలో పచ్చగానే ఉంది గదమ్మా!"