దిగులమ్మకు పరిచిన చాప

పిల్లల పత్రికకు నేను గీసే బొమ్మల కథలో దిగులమ్మ అనే మనిషి ఉండేది. నీళ్లరంగు చీర కట్టుకుని, పిలవకుండానే ఇళ్లల్లోకి వచ్చి కూర్చునేది. చివర్లో పిల్లలు ఆమెను తరిమేయాలి. ఆ ఏడాది మా బాపుకు, అంటే నాన్నకు, పక్షవాతం వచ్చింది. వేములవాడలో ఆయనకు తినిపించి, ఒళ్లు తుడిచి, మిగిలిన సమయంలో గీసేదాన్ని.

బోథ్ నుంచి చూడవచ్చిన చెల్లె ఆ కాగితాలు తిరగేసింది.

"అక్కా, గీమె అచ్చం నీ లెక్కనే ఉన్నది. జర అద్దంల సూస్కో."

అద్దంలో చూసి, మళ్లీ బొమ్మను చూశాను. వంగిన భుజాలు, కళ్ల కింద నలుపు, జారిన ముడి, అన్నీ నావే. ఎప్పుడలా గీశానో నాకే తెలియదు.

ఇక ఆమెను తరిమే చీపురు గీయడానికి చెయ్యి రాలేదు. ఒక పాప ఆమెకు చాప పరిచినట్టు గీసి పంపాను.

సంపాదకుడు ఫోన్ చేశారు. "ఏందమ్మా, ఎల్లగొట్టలే?"

"తిరిగి తిరిగి అలసిపోయింది సార్. జరసేపు పండనియ్యండి."

"సరే, గట్లనే ఉంచుదాం" అన్నారు.

ఫోన్ పెట్టేసరికి చెల్లె బాపుకు జావ తాగిస్తోంది. నన్ను లేవొద్దని సైగ చేసింది. గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాను.