గీత కింద పేర్లు

ఇటు నా పక్కకు జరిగి కూర్చోండి. చాప చిన్నదే కానీ మనకు సరిపోతుంది. కాళ్ళు చాపుకుంటే చాపుకోండి, చెవులు మాత్రం ఇటు పెట్టండి. నాది చిన్నబడి చదువు, అది కూడా సగంలో ఆగింది. అయినా కాలేజీ పిల్లలు పెద్ద వ్యాసం రాసేటప్పుడు పేజీ అడుగున ఒక గీత ఎందుకు గీస్తారో, ఆ గీత కింద ఏం రాస్తారో నాకు బాగా తెలుసు. మా ఇంట్లో ఆ గీతలన్నీ గీసింది నేనే.

అప్పుడింకా నిజాం రాజ్యం. షామీర్‌పేట చెరువు నీళ్ళతో పండే ఊళ్ళలో ఒక ఊరికి నేను కొత్తగా కోడలిగా వచ్చాను. అత్తమామలు లేరు. మా ఆయనను, ఆయన తమ్ముణ్ణి, చెల్లెల్ని పెంచింది వాళ్ళ నాయనమ్మ. ఆమెను ఊరంతా అవ్వ అనే పిలిచేది. మా మరిది పట్నంలో కాలేజీ చదువుతూ హాస్టల్లో ఉండేవాడు. శనివారం మేడ్చల్‌లో రైలు దిగి, దొరికితే ఎవరిదైనా బండి ఎక్కి, దొరకకపోతే నడిచి వచ్చేవాడు. వచ్చీ రాగానే పొయ్యి దగ్గరికొచ్చి, గిన్నెల మీద మూతలెత్తి చూసి నవ్వేవాడు.

ఆ ఏడు పరీక్షకు కూర్చోవాలంటే ఒక పెద్ద వ్యాసం రాసి ఇవ్వాలన్నారట. మా మరిది చెరువు నీళ్ళ పంపకం గురించి రాస్తానన్నాడు. వానలు కురవని ఏడు తూము ఎవరు తెరిచేవాళ్ళు, ఎవరి మడికి ముందు నీళ్ళు పోయేవి, తగవు వస్తే ఎవరు తీర్చేవాళ్ళు, ఇవన్నీ ఇంటింటికీ తిరిగి అడిగాడు. పిలగాడు మన సంగతులు రాస్తున్నాడని అందరికీ సంబరమే. మజ్జిగ పోసి, అరుగు మీద కూర్చోబెట్టి మరీ చెప్పారు.

అందరికంటే ఎక్కువ చెప్పింది అవ్వ. పెద్ద కరువొచ్చిన ఏడు ఊళ్ళో అందరి కంటే ముందు చిట్టచివరి మళ్ళకు నీళ్ళు వదలాలని ఆమె పెనిమిటి, అదే మా ఆయన తాత, పట్టుబట్టాడట. తూము దగ్గరి వాళ్ళు ముందు తడుపుకుంటే చివరికి చుక్క కూడా చేరదని ఆయన మాట. తాత పొలం తూము పక్కనే. ఆ ఏడు అది ఎండిపోయింది. చివరి మళ్ళలో మాత్రం గింజ పండింది. మా మరిది వ్యాసానికి గుండెకాయ అదే.

ఒక శనివారం మరిది వచ్చాడు, మూతలెత్తి చూడలేదు. సంచిలోంచి కాగితాలు తీసి అరుగు మీద పెట్టాడు. పక్కన వదిలిన ఖాళీ జాగాలో అంతా కాలేజీ సారు ఎర్రసిరా. ఏం రాశారని అడిగితే, అన్నిచోట్లా ఒకటే ప్రశ్న అన్నాడు: ఇది ఎవరు చెప్పారు? పుస్తకంలో చదివిందైతే రాసినాయన పేరు, పుస్తకం పేరు, ఏ పేజీలో ఉందో చెప్పాలట. మనిషి నోట విన్నదైతే ఆ మనిషి పేరు, తండ్రి పేరు, ఊరు చెప్పాలట. వాక్యం చివర చిన్న అంకె వేసి, పేజీ అడుగున గీత గీసి, కింద అదే అంకె పక్కన ఇదంతా రాయాలి. దాన్ని హవాలా ఇవ్వడం అంటారట. అవి లేకుండా వ్యాసం తీసుకోమని సారు చెప్పేశారు. సోమవారం ఇవ్వకపోతే పరీక్ష లేదు. పరీక్ష పోతే చదువూ పోయినట్టే, ఎందుకంటే ఈ ఒక్క ఏడు చూస్తాను, తర్వాత నాగలి పట్టాల్సిందేనని మా ఆయన ముందే చెప్పి ఉన్నాడు.

ఇదేం పెద్ద పని, పేర్లే కదా అనుకుని మరిది అప్పుడే ఊళ్ళోకి పోయాడు. అక్కడే అయింది తిరకాసు. నీ పేరేంది, మీ నాయిన పేరేంది అని కాగితం ముందు పెట్టుకుని అడిగితే ఆ రోజుల్లో ఎవరికైనా ఒకటే గుర్తొచ్చేది. శిస్తు లెక్కలు చూసే గిర్దావరు వచ్చి అట్లాగే అడిగి రాసుకుపోయేవాడు, తర్వాత తహసీలు నుంచి పిలుపొచ్చేది. దాంతో చెప్పినవాళ్ళంతా చెప్పలేదన్నారు. ఒకాయన ఆ రోజు తాను ఊళ్ళోనే లేనన్నాడు. ఒకామె తన మొగుణ్ణి అడుగు అంది, ఆయనేమో ఆమెనే అడుగు అన్నాడు. చివరి మడి పెద్దాయన, కరువు ఏడు తాత పుణ్యాన గింజలు ఇంటికి తెచ్చుకున్నవాడు, అందరికంటే గట్టిగా కాదన్నాడు.

"నీకు నేను మజ్జిగ బోసిన్రా కొడుకా, గంతవరకు నిజం. గా మాటలు మాత్రం నాయి గావు."

మరిది తిరిగొచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. మా ఆయన పశువులకు గడ్డి వేసి వచ్చి సంగతంతా విన్నాడు. ఆయనకు తమ్ముడంటే ప్రాణమే, కానీ ఓపిక తక్కువ.

"గింత దానికి పరేషాన్ ఎందుకురా. నాలుగు పేర్లు నువ్వే పుట్టిచ్చి రాయి. పట్నంల గూసున్న సారుకు మనూరోళ్ళు ఎర్కనా?"

హాస్టల్లో దోస్తులు కూడా అదే చెప్పారట. మరిది కాసేపు కాగితాల వంక చూసి, సిరాబుడ్డి దగ్గరికి జరుపుకున్నాడు. అవ్వ ఒక మూలన చింతపండు గింజ తీస్తూ ఉంది. తలెత్తలేదు. గింజ తీస్తూనే అడిగింది.

"మీ తాత నోట్లెకెళ్ళి మాట తీస్కపోయి ఎవని నోట్ల పెడ్తవ్ బిడ్డా?"

మరిది సిరాబుడ్డికి మూత పెట్టాడు.

తెల్లవారి ఆదివారం. అవ్వ పొద్దున్నే తలస్నానం చేసి, పెట్టెలోంచి ఉతికిన చీర తీసి కట్టుకుంది. ఆడబిడ్డను పిలిచి, ఇంటింటికీ పోయి మా ఇంటికి కొత్త పెండ్లికూతురు వస్తుందని చెప్పి రమ్మంది. ఎవరే ఆ పెండ్లికూతురు అని అది అడిగితే, వచ్చినంక చూద్దువు పో అంది. మా ఆయన మేనమామ కూతుర్ని ఎవరినో మరిదికి ఖాయం చేశారేమోనని నేనే అనుకున్నాను. ఊళ్ళోవాళ్ళు కూడా అట్లాగే అనుకుని వచ్చారు. చివరి మడి పెద్దాయన కొత్త రుమాలు చుట్టుకుని మరీ వచ్చాడు.

అవ్వ వాకిట్లోకి దిగి, గడప వైపు తిరిగి నిలబడింది. ఆడబిడ్డను గడప మీద నిలబడమంది.

"నువ్వు నా ఆడబిడ్డవు అనుకో. తొవ్వకు అడ్డం జరుగు."

అప్పుడు అర్థమైంది అందరికీ. మాలో కొత్త కోడలు మొదటిసారి ఇంట్లోకి వచ్చేటప్పుడు ఆడబిడ్డ గడప మీద అడ్డం నిలబడుతుంది. మొగుడి పేరు చెబితేనే లోపలికి వదులుతుంది. ఆ ఒక్కరోజే భార్య ఆ పేరు పలకడం. తర్వాత బతికినన్నాళ్ళు ఆయన అని అనాల్సిందే, లేదంటే ఫలానావాళ్ళ నాయిన అని అనాల్సిందే. అవ్వ ఆ పేరు పలికింది ఎప్పుడో చిన్నప్పుడు, ఇదే గడప ముందు. ఆ పెళ్ళి చూసినవాళ్ళు ఊళ్ళో ఎవరూ మిగల్లేదు.

మా ఆడబిడ్డ నవ్వాపుకోలేక రెండు చేతులూ చాపి ద్వారానికి అడ్డం పెట్టింది.

"పేరు జెప్తెనే ఇడుస్త. గునుస్తే బయటనే ఉంటవ్ పెండ్లికూతురా."

వాకిట్లో వాళ్ళంతా నవ్వారు. అవ్వ కొంగు సర్దుకుంది. ముందు తన పేరు చెప్పింది. ఆమెకు అవ్వ అని కాక ఇంకో పేరుందని నాకు అప్పటిదాకా తెలియదు. తర్వాత తాత పేరు చెప్పింది. మెల్లగానే చెప్పింది కానీ చివరన నిలబడ్డవాళ్ళకు కూడా వినపడింది. ఆ పేరు నేను ఇక్కడ పలకను. నేను ఆ ఇంటి కోడల్ని.

ఆడబిడ్డ నవ్వు ఆగిపోయింది. చేతులు దించడం మరిచి అట్లాగే నిలబడింది.

"దించవే ఇగ. ఇంకోసారి జెప్ప," అంది అవ్వ. తర్వాత జనం వైపు తిరిగింది. "గీ కాయిదం తహసీలుకు పోయేదైతే నేను నోరు తెరుస్తనా? మీరు జెప్పిన మాటలు మీయే అని రాస్తడు, గంతే. నా పేరు రాసిండు, ఆయన పేరు రాసిండు. చెప్పలేదంటే చెప్పలేదనుకోండ్రి, పోయి సద్ది తినుండ్రి."

ఎవరూ కదల్లేదు. కాసేపటికి చివరి మడి పెద్దాయన రుమాలు విప్పి భుజం మీద వేసుకుని మరిది దగ్గరికి వచ్చాడు.

"రాయి కొడుకా. నా పేరు, మా నాయిన పేరు. గా ఏడు నా మడి పారింది. పెద్దమనిషి పేరు కింద నా పేరుంటే నాకేం భయం."

ఆయన వెనక ఒకరొకరే వచ్చారు. ఆ రోజు ఊళ్ళో లేనన్నాయన కూడా వచ్చాడు. ఊళ్ళనే ఉంటివి గద అని ఎవరో ఎత్తిపొడిస్తే, ఇప్పుడైతే ఉన్న గద అన్నాడు.

ఇక మేమిద్దరం రాతకు కూర్చున్నాం. వ్యాసం ఉర్దూలో. ఆ రాత నాకు రాదు, అందుకని గీతల పని నాకిచ్చాడు. రొట్టెల కర్ర పక్కన పెట్టి గీద్దామంటే అది దొర్లిపోయింది. అప్పుడు ఆడబిడ్డ దువ్వెన తెచ్చిచ్చింది. మొదటి కాగితం మీద నేను గీత పైన గీశాను. రాత కుడి నుంచి మొదలైతే అడుగు కూడా పైనే ఉంటుందేమో అనుకున్నాను మరి.

"వదినె, నీ లెక్క జూస్తే చెట్టు గూడ తలకిందులే మొలుస్తదా?" అని మరిది మూతలెత్తి చూసినప్పటిలాగే నవ్వాడు. ఆ నవ్వు చూసి నాకు కోపం రాలేదు, ప్రాణం కుదుటపడింది. ఆ కాగితం మళ్ళీ రాశాడు. పొద్దు గూకే లోపల అన్ని పేజీలకూ గీతలు, గీతల కింద పేర్లు అయిపోయాయి. సోమవారం మా ఆయన తనే బండి కట్టి తమ్ముణ్ణి మేడ్చల్ స్టేషన్‌లో దించి వచ్చాడు. దొంగపేర్ల మాట మళ్ళీ ఎత్తలేదు.

తర్వాతి శనివారం మరిది వచ్చాడు. నేరుగా పొయ్యి దగ్గరికే వచ్చి మూత ఎత్తాడు. వ్యాసం తీసుకున్నారని మరిది నోరు తెరవకముందే నాకు తెలిసిపోయింది. సారు మొదటి గీత కింది పేర్ల మీద వేలు పెట్టి, వీళ్ళెవరని అడిగారట. మా అవ్వ, మా తాత అని చెప్పాడట. సారు ఇంకేమీ అడగకుండా సంతకం పెట్టారట.

అవ్వ అంతా విని ఒక్కటే అడిగింది.

"కాయిదంల ఆయన ముందా, నేను ముందా?"

"నువ్వే అవ్వా. నాకు జెప్పింది నువ్వు గద. నీకు జెప్పినోడు నీ ఎనక."

అవ్వ కొంగుతో ముఖం తుడుచుకుని, "ఆయనున్నన్నొద్దులు నేనే ఎనక నడిచిన," అంది. "ఇగ నా ఎనక జర మెల్లగ నడువుమని జెప్పు ఆయనకు. లేకుంటే దమ్మొస్తది."

చాప ఎత్తుతాను, మీరూ లేవండి. మీ ఇంటి పొయ్యి మీద గిన్నె ఎప్పుడూ నిండుగా ఉండాలి, ఆకలితో వచ్చినవాళ్ళు మూతెత్తి చూసి నవ్వాలి. మీ పెద్దలు చెప్పిన మంచిమాట ఏదైనా వాళ్ళ పేరుతోనే మీ పిల్లల నోట నిలవాలి. మీ గడప దాటి వచ్చే ప్రతి కోడలూ చల్లగా ఉండాలి, ఆమె పలికిన పేరుగల మనిషి నూరేళ్ళు ఉండాలి.