పక్కింటి వంటింట్లో పరీక్ష

మా పక్కింటి ఆంటీ మంగళవారం ఉదయం ఆరున్నరకు ఆసుపత్రిలో కన్నుమూశారు. కొన్నాళ్లుగా గుండె జబ్బుకు చికిత్స తీసుకుంటున్నారు. ఆ సమయానికి ఆమె బాల్కనీలోని వైఫై పెట్టె పనిచేస్తూనే ఉంది. నేనిది రాస్తున్నప్పుడూ పనిచేస్తోంది.

అమెరికాలో, పార్సిప్పనీలోని మా అపార్ట్‌మెంట్లలో ఒక ఉచిత వైఫై ఉంది. కొన్ని ఇళ్లవాళ్లు తమ ఇంటర్నెట్‌లో కొంత భాగాన్ని, బాల్కనీలో పెట్టిన యాక్సెస్ పాయింట్ ద్వారా అందరికీ వదిలేస్తారు. దాన్ని మేం పెట్టె అంటాం. ఆ పెట్టెలు ఎలా ఉండాలో నిర్ణయించింది ఆంటీ. ఫోన్ కంపెనీలో ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యారు. ఆమెను ఆంటీ అని పిలిచే వయసు కాదు నాది. అందరి నోటా విని నాకూ అలవాటైంది. ఆమె నన్ను ‘విలేకరిగారూ’ అనేవారు, కాస్త వెటకారంగా.

మొదట్లో నియమాలేవీ లేవు. ఇక్కడున్నవాళ్లలో ఎక్కువమంది సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. ఎవరికి నచ్చిన పెట్టె వాళ్లు కొన్నారు. దూరంగా ఉన్నవాళ్లకూ అందాలని ప్రతి ఒక్కరూ సిగ్నల్‌ను పూర్తిగా పెంచేశారు. దాంతో పెట్టెలు ఒకదానికొకటి అడ్డుపడ్డాయి.

ఆ రోజుల్లోనే కింది అంతస్తు మూల ఇంట్లో ఉండే ఒకావిడకు ఉద్యోగం పోయింది. గడువులోగా మరొకటి దొరక్కపోతే వీసా పోతుంది. ఖర్చు తగ్గించుకోవడానికి ఆమె ఇంట్లో ఇంటర్నెట్ తీయించేశారు. మా వైఫై మీద ఇచ్చిన ఇంటర్వ్యూ మధ్యలోనే వీడియో ఆగిపోయింది. వచ్చే వారం ఇంకొక్క అవకాశం ఇస్తామన్నారట ఆ కంపెనీవాళ్లు.

ఈ సంగతి విన్న సాయంత్రమే ఆంటీ ఫోన్ చేతిలో పట్టుకుని ఇంటింటికీ బయల్దేరారు. నేనూ వెంట వెళ్లాను. మొదటి తలుపు తీసిన కుర్రాణ్ణి అడిగారు.

“నీ పెట్టె పవర్ ఎంతలో పెట్టావు నాన్నా?”

“మాక్సిమమ్ ఆంటీ. అందరికీ రీచ్ అవ్వాలి కదా!”

“అందుకే ఎవరికీ రీచ్ అవ్వట్లేదు. పెళ్లిలో తలా ఒక మైకు పట్టుకున్నట్టుంది మీ వ్యవహారం. సగానికి తగ్గించు.”

“ఆంటీ, నేను ఆఫీస్‌లో చేసే పనే ఇది. అక్కడ మొత్తం క్యాంపస్ నెట్‌వర్క్ నేనే డిజైన్ చేశాను.”

“అక్కడ జీతాలిస్తారు కాబట్టి చెప్పినట్టు వింటారు. ఇక్కడ నీ మాట నేను వినను, నా మాట నువ్వు వినవు. పద, కొలుద్దాం.”

అతను సిగ్నల్ తగ్గించాడు. ఆంటీ పక్కింటివాళ్లకు చేసిన వీడియో కాల్ అప్పటికప్పుడే కుదుటపడింది. అతను ఆమె ఫోన్ వంకా ఆమె వంకా చూసి, “చాయ్ తాగుతారా ఆంటీ?” అన్నాడు.

అలా పుట్టిన పద్ధతే ఇప్పటికీ నడుస్తోంది. అన్ని పెట్టెలకూ వైఫై పేరొకటే. సిగ్నల్ పక్క ఇళ్లు దాటి పోకూడదు. పెట్టె బాగుందో లేదో చెప్పాల్సింది దాని యజమాని కాదు, పక్కింటివాళ్లు. తమ వంటింట్లో, వైఫైకి అడ్డుపడే మైక్రోవేవ్ నడుస్తుండగా వీడియో కాల్ చేస్తారు. అది తెగకపోతే పెట్టె పాసైనట్టు.

ఆ మొదటి వారంలో ఆంటీ పెట్టెను పరీక్షించే పని నాకు పడింది. కాల్ తెగిపోయింది. కారణం ఆమె వంటింటి కిటికీ దగ్గరే ఉంది. పెట్టెకూ మా గోడకూ మధ్య బియ్యం పోసిన పెద్ద స్టీలు డబ్బా. ఆమెకు చెప్పాలా వద్దా అని నేను నసుగుతుంటే ఆమే అన్నారు.

“ఫెయిల్ అని చెప్పండి విలేకరిగారూ, మొహమాటం దేనికి? నాకొక్కదానికి మినహాయింపు ఇస్తే అది పెత్తనమవుతుంది.”

బియ్యం డబ్బా మంచం కిందకు పోయింది. మూల ఇంటావిడ రెండో ఇంటర్వ్యూ చివరిదాకా ఆగకుండా సాగింది. ఉద్యోగం వచ్చింది. వచ్చిన జీతంతో ఆమె ముందు ఇంటర్నెట్ పెట్టించుకుని, బాల్కనీలో ఒక పెట్టె బిగించారు. ఇవన్నీ రాయమని ఈ వారం ఆమే నాతో చెప్పారు.

ఇళ్లు అమ్మిపెట్టే ఒక ఏజెంటు ఓసారి పెట్టెలన్నీ తానే కొనిస్తానన్నాడు. వైఫై వాడేవాళ్లు ముందు తమ పేరూ ఫోన్ నంబరూ ఇవ్వాలన్నది అతని షరతు. ఉచితంగా వస్తున్నాయి కదా అని మాలో కొందరు మొగ్గు చూపారు. “ఉద్యోగం పోయినవాళ్లు ముందు పేరు చెప్పుకుని, ఆ తర్వాత లోపలికి రావాలా?” అని ఆంటీ ఒక్క ప్రశ్న వేశారు. ఆ ప్రస్తావన మళ్లీ రాలేదు.

నాది లెక్కలు అడిగే వృత్తి. ఈ వైఫైని ఎంతమంది వాడుతున్నారని ఒకసారి అడిగాను.

“తెలియదు.”

“సుమారుగా చెప్పండి.”

“తెలియకుండా ఉండేట్టే పెట్టానండీ. మీ పేపర్‌కి అంకె కావాలంటే వేరే వార్త చూసుకోండి.”

వార్త రాయలేదు. కానీ మా ఇంట్లో లైను పోయిన ప్రతిసారీ, నా కథనాలు ఆమె పెట్టె మీదుగానే ఆఫీసుకు చేరాయి. ఆ సంగతి చెప్తే, “అయితే తప్పులు నావి కావు” అనేవారు.

షామ్‌బర్గ్ నుంచి వచ్చిన ఆమె కూతురు నెలాఖరుకు ఇల్లు ఖాళీ చేస్తున్నారు. పెట్టె తీయడానికీ ఆంటీ పెట్టిన పద్ధతి ఉంది. ముందు దాన్ని ఒక గంట ఆపి, మిగిలిన పెట్టెలతో చుట్టుపక్కల ఇళ్లకు సరిపోతుందో లేదో చూడాలి. సరిపోకపోతే కొత్తది బిగించేదాకా తీయకూడదు. ఈ గోడలవతల ఎవరికి ఏ ఇంటర్వ్యూ ఉందో మాకు తెలియదు.

శనివారం ఉదయం పది గంటలకు ఆమె కూతురు పెట్టె స్విచ్ ఆపుతారు. మూల ఇంటావిడ కింది నుంచి నాకు వీడియో కాల్ చేస్తారు. నేను మా వంటింట్లో మైక్రోవేవ్ ఆన్ చేసి, ఆంటీ ఇంటి గోడ పక్కన ఫోన్ పట్టుకుని నిలబడతాను.