కొలవకుండా రాసిన ఒక్క కొలత

ఆ వీధి దర్జీని అందరూ టేపు మావయ్య అనేవాళ్లు. పెళ్లికెళ్లినా మెడలో టేపు ఉండాల్సిందే. తీసేస్తే మెడ బోసిగా ఉంటుందనేవాడు. తన చేత్తో కొలవనిది పుస్తకంలోకి ఎక్కించడు. "పోయినసారి కొలతే వేసెయ్ మావయ్యా" అని ఎవరన్నా అంటే, "పోయినసారి పొట్టని ఇంట్లో వదిలొచ్చావా? ఇలా నిలబడు" అనేవాడు.

ఆ పుస్తకం చివరి పేజీ ఇంటివాళ్లది. కొలతల పక్కనే రక్తం గ్రూపులు. భార్యాభర్తలిద్దరిదీ బి పాజిటివ్. కూతురిదీ అదే.

ఏడో నెల నడుస్తున్న కూతురు ఒక మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి నేరుగా కొట్టుకొచ్చి కాగితం మిషను మీద పెట్టింది. "ఇన్నాళ్లూ ఆసుపత్రివాళ్లు నేను చెప్పిందే రాసుకున్నారు నాన్నా. ఇవాళ పరీక్ష చేస్తే నెగిటివంట."

"వాళ్లే పొరబడి ఉంటారు. పుస్తకంలో ఉందిగా."

జాకెట్టు తీసుకెళ్దామని వచ్చి కూర్చున్న ఆయన అక్క అందుకుంది. "ఇద్దరిదీ పాజిటివైతే పిల్లకి నెగిటివ్ ఎక్కణ్నుంచి ఊడిపడిందిరా?"

గుమ్మం దగ్గర కాజాలు కుడుతున్న భార్య చేతిలో సూది ఆగింది. ఆయన ఏమంటాడా అని చూసింది. ఆయన పుస్తకం కేసి చూస్తూ ఉండిపోయాడు. ఇంకా మూడు కాజాలుండగానే చొక్కా పక్కనపెట్టి ఆవిడ లోపలికెళ్లిపోయింది. ముప్పై ఏళ్లలో ఆవిడ సగంలో వదిలిన చొక్కా అదొక్కటే.

మర్నాడు పొద్దున్నే మావయ్య ఆసుపత్రికెళ్లి రక్తం పరీక్షలు చేసే నర్సమ్మ ముందు నిలబడ్డాడు.

"రెండుసార్లు చూశాం బాబాయ్‌గారూ, నెగిటివే. ఎవరికైనా ఇందులో రెండు జన్యువులుంటాయి. అమ్మిచ్చింది ఒకటి, నాన్నిచ్చింది ఒకటి. పాజిటివ్ ఒక్కటున్నా పైకి అదే కనిపిస్తుంది, నెగిటివ్ లోపల దాక్కుంటుంది. మీ ఇద్దరిలో దాక్కున్నవే మీ అమ్మాయికొచ్చాయి."

"కోటుకి లైనింగులాగా."

"అలాగే అనుకోండి. మీ అల్లుడిది పాజిటివ్. బిడ్డదీ అదైతే, ఆ రక్తం తల్లిలో కలిసినప్పుడు ఒళ్లు దాన్ని పరాయిదనుకుంటుంది. తర్వాతి కాన్పులో బిడ్డకి ముప్పు. అందుకే ఇప్పుడొక ఇంజెక్షను, కాన్పయ్యాక బిడ్డ పాజిటివైతే ఇంకోటి. ఇంతకీ పాజిటివని ఎవరు చెప్పారు?"

మావయ్య చెయ్యి టేపు మీదకెళ్లింది. ఎవరూ చెప్పలేదు. కూతురి బడి ఫారంలో రక్తం గ్రూపు గడి ఖాళీగా ఉంటే, మా ఇద్దరిదీ అదే కదా అని తనే నింపి, పుస్తకంలోనూ ఎక్కించాడు.

తిరిగొస్తూ అక్కని వెంటబెట్టుకొచ్చి, భార్య ముందే చెప్పాడు. "మా ఇద్దరి లోపలి గుడ్డా ఒకటేనే అక్కా. పిల్లకి అదే వచ్చింది. కొలవకుండా రాసింది నేను. నిన్న నువ్వడిగినప్పుడు నోరు విప్పనిదీ నేనే."

"నాకేం తెలుసురా, ఊరికే అడిగాను."

"ఊరికే లాగినా కుట్టు ఊడుతుంది."

భార్య అప్పటికి మాట్లాడింది. "ముప్పై ఏళ్లు కాపురం చేసి, నా లైనింగు చూడ్డానికి ఆసుపత్రిదాకా వెళ్లొచ్చారన్నమాట." అని చొక్కా అందుకుంది. మూడు కాజాలూ అయ్యేదాకా ఆయన పక్కనే కూర్చుని సూదిలోకి దారం ఎక్కించి ఇచ్చాడు.

సాయంత్రం ఇంజెక్షను చేయించుకొచ్చిన కూతురి ముందు, పుస్తకంలో ఆ పాజిటివ్ కొట్టేసి సరిచేశాడు. కింద పుట్టబోయే బిడ్డకి ఇంకో వరస గీశాడు.

"పాజిటివని రాసెయ్ నాన్నా, ఎలాగూ వాళ్ల నాన్నది అదేగా" అంది కూతురు నవ్వుతూ.

మావయ్య పెన్ను మూత పెట్టాడు. "ముందు రానీ."