మల్లి ముక్కు మీది పుండు

నిన్న సాయంత్రం మా అపార్టుమెంటులో కింది ఇంటివాళ్లు పిల్లాడి మోకాలి దెబ్బకి కాబోలు, కొబ్బరినూనెలో పసుపు వేసి కాస్తున్నారు. ఆ వాసన మెట్లెక్కి మా వంటింటి దాకా వచ్చేసరికి చేతిలో గరిటె అలాగే పట్టుకుని నిలబడిపోయాను. ఆ వాసనకి నాకు ఉయ్యూరులో మా వసారా, ఆ వసారా మెట్టు మీద ఎండలో పడుకున్న మల్లి గుర్తొస్తాయి.

డెబ్బైల్లో మా నాన్న అక్కడి చక్కెర ఫ్యాక్టరీలో గుమాస్తాగా చేసేవారు. చెరకు ఆడే నెలల్లో ఊరంతా తీపిగా, కొంచెం పులిసినట్టుగా ఒక వాసన పరుచుకుని ఉండేది. రోడ్డు పొడుగునా చెరకు బళ్లు బారులు తీరి నిలబడితే, బండివాళ్లు కునుకు తీసేదాకా కాచుకుని మేం పిల్లలం వెనకనుంచి గడలు లాక్కుని పరిగెత్తి, పెదవులు కోసుకుపోయేదాకా నమిలేవాళ్లం. ఎండాకాలం కాలువ కట్టేసినప్పుడు అడుగున మిగిలిన బురదనీళ్లలో చేపలు పట్టి, ఒళ్లంతా నీచు కంపుతో ఇంటికొచ్చి అమ్మచేత తిట్లు తినేవాళ్లం. ఆ నీచు వాసనకి అందరికంటే ముందు ఎదురొచ్చేది మల్లి.

మల్లిని తెచ్చింది మా మేనత్త రూతత్తయ్య. మామయ్య పోయాక చల్లపల్లి నుంచి మా ఇంటికి వచ్చేస్తూ ఒక ట్రంకుపెట్టె, ఒళ్లో పాతచీర ముక్కలో చుట్టిన కుక్కపిల్లతో బస్సు దిగింది. ఒంటిమీద ఎక్కడా మచ్చలేని తెలుపు. ముక్కు కూడా అన్ని కుక్కలకీ ఉన్నట్టు నలుపు కాదు, గులాబి రంగు. మామయ్య ఎలా పోయాడో మా ఇంట్లో ఎవరూ మాట్లాడేవారు కాదు. అత్తయ్య తెల్లచీర కట్టుకుని, వసారాలో కూర్చుని బైబిలు చదువుకునేది. మల్లి ఆవిడ కాళ్ల దగ్గర, పడమటెండ తిన్నగా పడే మెట్టు మీద, ముక్కు చాచి పడుకునేది.

ఒక వేసవిలో ఆ ముక్కు మీద చిన్న పొక్కు కట్టింది. ఏ పిల్లి రక్కిందో అనుకున్నాం. అత్తయ్య నూనెలో పసుపు కాచి రాసింది, వేపాకు నూరి పెట్టింది. పొక్కు ఊడేది, కింద ఎర్రగా తడి కనిపించేది, మళ్లీ పొక్కు కట్టేది. వానలు పడి, దసరా సెలవులొచ్చేసరికి ముక్కు ఒక పక్కన అంచు తినేసినట్టయిపోయింది. తుమ్మితే గచ్చు మీద నెత్తుటి చుక్కలు పడేవి.

బెజవాడ తీసుకుపోదామంటే బస్సులో కుక్కని ఎక్కనివ్వలేదు. నాన్న బతిమాలుకుంటే పంచదార బస్తాల లారీ ఒకటి మమ్మల్ని బెజవాడ పశువుల ఆసుపత్రి దగ్గర దింపింది. డాక్టరుగారు మల్లి మూతి పైకెత్తి చాలాసేపు చూశారు.

“ఎండలో ఎక్కువగా పడుకుంటుందామ్మా?”

“అదే దాని చోటండి,” అంది అత్తయ్య.

“ముక్కు మీద నలుపు లేని కుక్కలకి ఎండ పడదమ్మా. ఇది రాచపుండు. మనుషులకొచ్చే క్యాన్సర్ లాంటిదే. మొదట్లో అయితే కోసి తీసేద్దుం. ఇప్పుడు లోపలికి దిగిపోయింది. ఇంజెక్షన్ ఇచ్చేస్తే బాధ లేకుండా పోతుంది.”

రాచపుండు అన్న మాట వినగానే అత్తయ్య మొహం రాయిలా అయిపోయింది. “మా ఇంటికి తీసుకుపోతానండి,” అని మాత్రం అంది.

ఇంటికొచ్చాక అమ్మ భయపడింది. “అంటుకుంటుందేమో వదినా, పిల్లలున్న ఇల్లు,” అంది. అంటుకోదని డాక్టరు చెప్పారని నాన్న అన్నా వినలేదు. అత్తయ్య వాదించకుండా తన మంచం ఎత్తించి, పెరట్లో కట్టెలు పెట్టుకునే పాకలో వేయించుకుంది. మల్లిని కూడా ఆ నీడలోకే తీసుకుపోయింది. నేను అన్నం తీసుకుని వెళ్లిన ఒక మధ్యాహ్నం దాని తల నిమురుతూ చెప్పింది.

“మీ మావయ్యక్కూడా ఇదేనే, గొంతులో. మా అత్తింటివాళ్లు ఆయన్ని గొడ్లచావిట్లో పడుకోబెట్టారు. కంచం కూడా దూరం నించి తోసేవాళ్లు. నన్ను దగ్గర కూచోనిచ్చేవాళ్లు కాదు.”

కంచం ఆవిడ పక్కన పెట్టాను. పెరటి గుమ్మంలో అమ్మ ఉంది. విందో లేదో, ఆ మర్నాటి నుంచి అన్నం తనే తీసుకెళ్లి పాకలో కాసేపు కూర్చుని వచ్చేది.

క్రిస్మస్‌కి అరిసెలు వండుతుంటే ఏటా వంటింటి గడప దగ్గరే చొంగ కార్చుకుంటూ కూర్చునే మల్లి ఆ ఏడు తలైనా ఎత్తలేదు. వాసన తెలియడం లేదని మాకప్పుడు అర్థమైంది. నెత్తళ్ల ఎండుచేపలు కాల్చి, అన్నంలో నలిపి, అత్తయ్య వేలితో నాలుక మీద పెడితే మింగేది. మనుషుల్ని కూడా పోల్చుకోలేక నాన్న వచ్చినా బెదిరి మొరిగేది. అందుకని అత్తయ్య అందరికీ చెప్పింది, గేటు తీసేముందే పలకమని. పాలమ్మాయి, పోస్టుమాన్, నాన్న, బడినుంచి వస్తూ మేం, అందరం గేటు దగ్గరే “మల్లీ, నేనే” అని కేకేసి లోపలికొచ్చేవాళ్లం. గొంతు వినగానే తోక ఒక్కసారి నేలకి కొట్టేది.

సంక్రాంతి వెళ్లాక ఊపిరి నోటితోనే తీసుకునేది. ఈగలు ముసిరేవి. ఒక ఉదయం అత్తయ్య పాకలోంచి వచ్చి, “తమ్ముడూ, మన ఊళ్లో డాక్టర్ని పిలుచుకురారా. దీన్ని ఇంక నాకోసం ఉంచకూడదు,” అంది. ఊళ్లోని పశువుల డాక్టరు సైకిలు మీద వచ్చాడు. కొత్తమనిషి అలికిడికి మల్లి వణికితే అత్తయ్య దాని తల ఒళ్లోకి తీసుకుని, పుండు మీద చెయ్యి పెట్టి, “మల్లీ, నేనే. నేనే ఇక్కడే ఉన్నా,” అంటూ ఉంది. అమ్మ అత్తయ్య భుజం పట్టుకుని పక్కనే కూర్చుంది. ఇంజెక్షన్ అయ్యాక డాక్టరు వెళ్లిపోయాడు. అత్తయ్య అలా అంటూనే ఉంది.

ఆ తరవాత చాలా రోజులు మా నోళ్లకి అలవాటు పోలేదు. గేటు దగ్గర కేక సగం వచ్చాక నాలుక కరుచుకునేవాళ్లం. అత్తయ్య వసారాలోంచి, “రండి, రండి,” అనేది. మరో కుక్కని తెస్తానని నాన్న అంటే వద్దంది.

ఇప్పుడు ఆ ఇల్లు లేదు. అక్కడ వరసగా షాపుల షట్టర్లున్నాయి. అత్తయ్య, నాన్న, కిందటేడు అమ్మ, అందరూ వెళ్లిపోయారు. కుక్కలకి ఫోటోలు తీయించే రోజులు కావవి. మొన్న మనవరాలు మల్లి ఎలా ఉండేదని అడిగితే తెల్లగా ఉండేదన్నాను, ముక్కు గులాబి రంగన్నాను. అవి మాటలే. ఎంత తలుచుకున్నా పుండు రాకముందటి దాని మొహం నాకు కనపడలేదు. పుండు మాత్రం అంచులతో సహా కనిపిస్తూనే ఉంది.