టేపు చివర మిగిలింది

తెలంగాణ వచ్చిన కొత్తలో నేను టీవీ వార్తల చరిత్ర మీద పరిశోధన చేస్తుండేవాణ్ని. టీవీ చూసినందుకు కూడా డాక్టరు పట్టా ఇస్తారా అని మా నాయిన ఎగతాళి చేసేవాడు. ఫ్లోరైడ్ నీళ్ల మీద తొలి రోజుల్లో వచ్చిన వార్తల కోసం, నార్కట్‌పల్లిలో బస్సు మారి నల్లగొండ పల్లెలన్నీ తిరిగాను.

ఒక ఊళ్లో ఒక అక్క దొరికింది. ఆ నీళ్లు తాగి చిన్నప్పుడే ఆమె కాళ్లు వంకరపోయాయి. కెమెరాలు ఎప్పుడొచ్చినా ఆమెనే బోరింగు దగ్గర నిలబెట్టేవాళ్లట. నా ప్రశ్నలకు ఓపిగ్గా జవాబులు చెప్పి, ఆఖర్న తన సంగతి ఎత్తింది. మొదటిసారి తీసినప్పుడు పక్కన వాళ్లమ్మ ఉంది. అది టీవీలో వచ్చిన పూట ఊళ్లో కరెంటు లేదు. ఆ తర్వాత కొన్నాళ్లకే అమ్మ పోయింది. ఇంట్లో ఒక్క ఫోటో కూడా లేదు.

“అమ్మ మొఖం యాదికొస్తలేదు తమ్మీ. ఒక్కపారి చూపియ్యి,” అంది.

తెస్తానన్నాను. చరిత్ర రాసేవాణ్ని, ఆ మాత్రం చేతకాదా అని నా ధీమా.

హైదరాబాదులో ఆ వార్త తీసిన చానల్ టేపులు చూసుకునే పెద్దమనిషి నింపాదిగా చెప్పాడు. అప్పట్లో టేపులకు కరువట, వార్త చూపించాక అదే టేపు మీద ఇంకోటి తీసేవాళ్లట. నాకు ఒళ్లు మండింది. ఎవర్ని తిట్టాలో మాత్రం తెలియలేదు.

నెలల తరబడి వాళ్ల కాళ్లావేళ్లా పడితే ఆ ఊరి పేరున్న టేపు ఒకటి బయటపడింది. దాని నిండా ఎవరో మంత్రి ప్రారంభోత్సవం. ఆయన ఉపన్యాసం ఆగిన చోట పాత బొమ్మ కాస్త మిగిలింది. బోరింగు, బిందె, వంకర కాళ్ల చిన్నపిల్ల, అంతే. కెమెరాకు కావలసింది ఆ కాళ్లే కదా. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టయింది నా పని. అయినా మాటిచ్చాను కాబట్టి ఫోనులో ఎక్కించుకుని వెళ్లాను.

మంచం మీద ఫోను పెట్టి చూపించాను. అక్క మళ్లీ మళ్లీ పెట్టించుకుంది. అప్పుడు గమనించాను, బొమ్మలోని పిల్ల కెమెరాను చూడటం లేదు. పక్కకు చూసి నవ్వుతోంది.

అక్క తన వేలు తీసుకెళ్లి ఫోను అంచు దాటించి, నవారు మీద పెట్టింది.

“అమ్మ గీడ నిలబడ్డది. జర గిటు జరుపు తమ్మీ.”

తీసిన బొమ్మ అలా జరగదు. ఏడుపొచ్చింది. ఫోనునే ఆమె వేలి దాకా జరిపాను.