మూడో కడీ మీది చిలుక

కొత్తకోటలో హైవే పక్కన, మెకానిక్ షెడ్ల వరుసలో, ముప్పై ఏళ్లు లారీల మీద బొమ్మలు వేసిన పాల్‌కు ఒక నియమం ఉండేది. ఒక బండికి వేసిన బొమ్మ ఇంకో బండికి వేయడు. గొప్ప కోసం పెట్టుకున్నది కాదది. పని నేర్చిన కొత్తలో ఒకే తీరు జింకను రెండు లారీల డాలాల మీద, అంటే వెనుక దించే తలుపుల మీద వేశాడు. ఆ ఓనర్లిద్దరూ ఒకే దాబా ముందు బండ్లు ఆపారు. డాలాలు చూసుకున్నారు. చేతిలో చాయ్ గ్లాసులతోనే వచ్చి షెడ్డు మీద పడ్డారు. ఆ రోజు నుంచి జింకకూ జింకకూ కనీసం కొమ్ములైనా మార్చేవాడు.

తరువాత స్టిక్కర్లు వచ్చాయి. గంటలో అయ్యే పనికి మూడు రోజులు బండి నిలబెట్టే ఓపిక ఎవరికీ లేకుండా పోయింది. పాల్ నంబరు ప్లేట్లు రాసుకుంటూ కాలం గడుపుతుండగా, వనపర్తి నుంచి శివశంకర్ సార్ అతన్ని వెతుక్కుంటూ వచ్చాడు.

శివశంకర్ లెక్కల టీచరు. ఆదివారాలు పదిమందిని పోగేసి పాన్‌గల్ కోట గుట్ట ఎక్కిస్తాడు. దారి చీలే చోట్ల జనం తప్పిపోతున్నారని, పంచాయతీని అడిగి, కింది నుంచి పైదాకా ఇరవై ఒక్క కడీలు పాతించాడు. చేను కంచెకు పాతే రాతి కడీలే అవి.

"కడీకొక పచ్చ బాణం. అంతే పాలన్నా," అన్నాడు.

పాల్ మొదటి రెండు కడీల మీద బాణాలే గీశాడు. మూడోదాని దగ్గర చెయ్యి ఆగిపోయింది. గీసిన బాణాన్నే మళ్లీ గీయడానికి కుంచె కదలలేదు. కాసేపు కూర్చున్నాడు. బీడీ తాగాడు. లేచి చిలుకను వేశాడు, ముక్కు బాట వైపు ఉండేటట్టు. నాలుగో కడీ మీద చేప, ఎనిమిదో దాని మీద గుర్రం, పద్నాలుగో దాని మీద నెమలి. ఇరవై ఒకటోది, కోట వాకిలి ముందరిది, రెక్కలు విప్పిన డేగ. పన్నెండు రోజుల పని. ఇంత మనసుపెట్టి పనిచేసి అతనికి పదేళ్లు దాటింది.

శివశంకర్ కింది నుంచి పైదాకా చూసుకుంటూ వచ్చి, డేగ ముందు నిలబడ్డాడు.

"ఏంది పాలన్నా ఇది?"

"బాట వైపే చూస్తున్నయి సార్, అన్నీ."

"బొమ్మలు మంచిగున్నయి, కాదంటలేను. గుర్తు అంటే ఒక్కతీరు ఉండాలె. అప్పుడే మనిషి నమ్మి నడుస్తడు. రెండు వారాల టైమ్ తీసుకో. సున్నం ఏసి బాణాలు గీయి."

పాల్ తలూపాడు. ఇంటికొచ్చి అన్నం తింటూ సంగతి చెప్పాడు.

"బాణం గీయమంటే బాతును గీస్తివి," అంది భార్య బాలమణి. "సార్ కాబట్టి ఊకున్నడు."

"బాతు లేదు అండ్ల."

"లేకుంటే అదొక్కటే తక్కువ."

కూతురు రోజా నవ్వలేదు. వనపర్తిలో మందుల దుకాణంలో పనిచేసే ఆ పిల్ల, బస్సు దిగాక దుకాణం దాకా ఫోన్‌లో ఏదో ఆట ఆడుతూ నడుస్తుంది. ఆ ఆటలో ఉన్నచోట కూర్చుంటే ఏమీ రాదు. మ్యాపులో చూపిన చోటికి నిజంగా నడిచిపోతేనే అక్కడి స్పాట్ తెరుచుకుంటుంది. కొత్త స్పాట్ పెట్టాలంటే ఫోటో పంపి, అది ఎందుకు చూడదగ్గదో రాయాలి. ఇతర ఊళ్లలో ఆడేవాళ్లు ఓట్లు వేస్తారు.

"సార్ గూడ ఆడతడు నాయినా. ఒకటో కడీ, రెండో కడీ పంపిండంట. రెండూ కొట్టేసిండ్రు."

"ఎందుకు?"

"దారి గుర్తు స్పాట్ అయితదా కాదా అని ఎప్పుడూ కొట్లాటే. గిసొంటి బాణాలు యాడనన్న ఉంటయి, ఇండ్ల చూసేది ఏమున్నది అన్నరు."

పాల్ చెయ్యి కడుక్కున్నాడు. "చిలుకది పంపు."

"పంపుత. ఏమని రాయాలె?"

అతను తువ్వాలుతో చెయ్యి తుడుచుకున్నాడు. "దారి తప్పినోడు ఫోన్ చేసి, బాణం కాడ ఉన్న అంటే ఎవ్వరికి తెల్వదు. చిలుక కాడ ఉన్న అంటే తెలుస్తది. గట్లనే రాయి."

రోజా గట్లనే రాసింది.

పది రోజులు జవాబు లేదు. పదకొండో రోజు, శనివారం మధ్యాహ్నం, రోజా దుకాణం నుంచి ఫోన్ చేసింది. "ఒప్పుకున్నరు నాయినా. మ్యాపుల చిలుక వచ్చింది."

"ఆట ఆడేటోళ్లు ఒప్పుకుంటే సార్ ఒప్పుకున్నట్టా?" అన్నాడు పాల్. మాట ఇచ్చాడు కాబట్టి సాయంత్రమే సున్నం కలిపి పెట్టుకున్నాడు.

ఆదివారం పొద్దున బకెట్‌తో, రోజాతో గుట్ట ఎక్కాడు. మూడో కడీ చుట్టూ పద్నాలుగు మంది నిలబడి ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. మధ్యలో శివశంకర్. పాల్‌ను చూసి ఏదో అనబోయేలోపు అతని ఫోన్ మోగింది. గుంపులో ఎప్పుడూ ముందు నడిచే సరిత.

"సార్, జర ముందుకొచ్చిన. ఎన్క చూస్తే ఎవ్వరు లేరు. పైకి పోవాల్నో, ఎన్కకు రావాల్నో తెలుస్తలేదు." స్పీకర్‌లో అందరికీ వినిపిస్తోంది.

"యాడ ఉన్నవమ్మా?"

"గుర్రం కాడ."

"ఎనిమిదోది. ఆడనే కూసో, వస్తున్నం," అన్నాడు శివశంకర్. క్షణం కూడా ఆలోచించలేదు. ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. చిలుకను చూశాడు, పాల్‌ను చూశాడు, బకెట్‌ను చూశాడు.

"సున్నం తెచ్చినవా?"

"తెచ్చిన సార్."

"మంచిగైంది. కింద ఒకటి, రెండు కడీలకు ఏయి. ఆ బాణాలు ఎవనికి పనికొస్తయి?"

ఎవరో చప్పట్లు కొట్టారు. మిగతావాళ్లు అందుకున్నారు. ఒకావిడ పాల్‌ను చిలుక పక్కన నిలబెట్టి ఫోటో తీసింది. అతను బకెట్ కింద పెట్టడం మరిచిపోయాడు. ఫోటోలో అది కూడా పడింది.

గుంపు గుర్రం వైపు సాగిపోయాక తండ్రీకూతుళ్లు కిందికి దిగారు. సున్నం ఎండేదాకా ఆగి, పాల్ సంచిలోంచి రంగులు తీశాడు. అవి కూడా తెచ్చుకున్నాడని రోజాకు అప్పుడే తెలిసింది. పొద్దు వాలేలోపు ఒకటో కడీ మీద జింక నిలబడింది. రెండో కడీ మీద ఇంకో జింక.

"రెండూ జింకలేనా నాయినా?"

పాల్ కుంచె తుడుచుకున్నాడు.

"కొమ్ములు చూడు," అన్నాడు.